నలభైకి దగ్గర్లో మళ్లీ చదువు: కోర్సు పేరుకన్నా ముందు తేలాల్సిన లెక్కలు

దూరవిద్య అధ్యయన కేంద్రాలకు జులై, ఆగస్టు నెలల్లో ఆదివారం పూట వచ్చేవారిలో, పిల్లలను చదివిస్తూ తామూ చదవాలనుకునేవారు చాలామంది కనిపిస్తారు. అలాంటి ఒక కేంద్రంలో కొన్నేళ్లుగా ఆదివారం తరగతులు చెబుతున్నాను కనుక, తరగతి అయ్యాక వరండాలో ఆగి సలహా అడిగేవారితో మాట్లాడటం నాకు అలవాటైంది. కిందటేడు ఒకావిడ బొత్తాం ఉన్న ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చి బల్ల మీద విప్పారు. అందులో లామినేషన్ చేయించిన పదో తరగతి మెమో, మడతల దగ్గర చిరుగుతున్న ఇంటర్ మెమో, హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ సబ్జెక్టులతో పాసైన బీఏ ప్రొవిజనల్, అన్నిటికన్నా అడుగున టైప్‌రైటింగ్ లోయర్ సర్టిఫికెట్ ఉన్నాయి. ఆవిడ వయసు ముప్పై ఎనిమిది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల కేంద్రంలో, ప్రైవేటు బడిలో పదేళ్లుగా మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. కాగితాలన్నీ వరసగా పేర్చి, “సార్, ఇప్పుడు దేనికి స్కోప్ ఉంది?” అని అడిగారు.

స్కోప్ అన్న మాట మనకు ఇంటర్ గ్రూపు ఎంచుకునే వయసులో అలవాటవుతుంది. పదహారేళ్ల పిల్లవాడి చేతిలో ఇంకా ఏమీ లేదు కనుక, ఎంపీసీకి గిరాకీ ఉందా, బైపీసీకి ఉందా అని నలుగురినీ అడిగి తేల్చుకోవడంలో పెద్ద తప్పు లేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి పరిస్థితి వేరు. ఆమె చేతిలో పదేళ్ల పని ఉంది, నడపాల్సిన ఇల్లు ఉంది, వారంలో చదువుకు దొరికే గంటలకు ఒక హద్దు ఉంది. అలాగని ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. చదువుకు రెండేళ్లు, పోటీ పరీక్షలకు మరో రెండేళ్లు పోయినా ఆమెకు ఇంకా ఇరవై ఏళ్ల ఉద్యోగం మిగులుతుంది. ఉన్న ఇబ్బందల్లా, దారి తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టే వెసులుబాటు ఇరవై ఏళ్లప్పుడు ఉన్నంతగా ఇప్పుడు ఉండదు. అందుకే ఈ వయసులో కోర్సుల జాబితా ముందేసుకుని కూర్చోవడం సరైన ఆరంభం కాదని నా అభిప్రాయం. చదువు ముగిశాక ఏ గుమ్మం ముందు నిలబడతామో మొదట చూడాలి. ఆ గుమ్మం దగ్గర ఏ కాగితం అడుగుతారో స్వయంగా చదవాలి. ఆ తర్వాత అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ కోర్సు దగ్గరకు రావాలి.

మళ్లీ చదవాలన్న కోరిక పైకి ఒకటిగానే కనిపించినా దాని వెనక అవసరాలు వేర్వేరుగా ఉంటాయి. చేస్తున్న ఉద్యోగంలోనే ప్రమోషన్‌కు డిగ్రీ అడ్డుపడుతున్నవారికి ఎంపిక సులువు. తమ శాఖ సర్వీసు నిబంధనల్లో ఏ అర్హత రాసి ఉందో చూసుకుని, పై అధికారి అనుమతి తీసుకుని, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో ఆ డిగ్రీ పూర్తిచేస్తే సరిపోతుంది. అక్కడ సబ్జెక్టు మీద మోజుకన్నా నిబంధనలోని మాట ముఖ్యం. పెళ్లితోనో తండ్రి పోవడంతోనో ఆగిపోయిన చదువును పూర్తిచేయాలని వచ్చేవారిది మరో అవసరం. వారికి నచ్చిన సబ్జెక్టే సరైన సబ్జెక్టు. తెలుగో చరిత్రో చదువుతామంటే, దానితో ఏం వస్తుందని అడిగే హక్కు మనకు లేదు. చిక్కంతా మూడో రకం దగ్గర ఉంది. అది పనినే మార్చుకోవాలనుకునేవారిది.

పని మార్చుకోవాలనుకునేవారు ఎక్కువగా అడిగేది బీఎడ్ గురించి, కనుక దాన్ని కాస్త వివరంగా చూడటం మంచిది. ఆ ఫోల్డరు తెచ్చినావిడ కూడా నేను స్కోప్ మాట పక్కన పెట్టించాక, తన మనసులో ఉన్నది బీఎడ్ చేసి డీఎస్సీ రాయడమేనని చెప్పారు. చిన్న పిల్లలకు చెప్పడం తనకు బాగా వచ్చని, ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు వస్తే చాలని అన్నారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బోధించే పోస్టులకు బీఎడ్‌ను అర్హతగా చేరుస్తూ, ఉపాధ్యాయ విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2018లో ఒక నోటిఫికేషన్ ఇచ్చిన మాట నిజమే. దాన్ని రాజస్థాన్ హైకోర్టు కొట్టివేయగా, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు బోధించే మెలకువలు డీఈఎల్ఈడీ అనే ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమాలో నేర్పుతారు, బీఎడ్ పై తరగతుల కోసం రూపొందించినది అన్నది ఆ తీర్పు సారాంశం. అంటే ఆమె కోరుకున్న ఎస్జీటీ గుమ్మం బీఎడ్ కాగితంతో తెరుచుకోదు. మన వాడుకలో డీఎడ్ అనే ఆ డిప్లొమా చేయాలంటే డీఈఈసెట్ రాసి, ఇంటర్ అయినవారి పక్కన కూర్చుని రెండేళ్లు చదవాలి. బీఏ, బీఎడ్‌తో ఆమెకు తెరుచుకునేది సోషల్ స్టడీస్ స్కూల్ అసిస్టెంట్ పోస్టు. అది హైస్కూలు పిల్లలకు చెప్పే పని, ఆమెకు అలవాటైన మూడో తరగతి గది కాదు.

ఈ రెండు దారుల్లో ఏది మేలన్న ప్రశ్నకు ఉండే ఊరిని బట్టి కూడా జవాబు మారుతుందన్నది చాలామంది గమనించరు. తెలంగాణలో 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో ఎస్జీటీలు 6,508 కాగా స్కూల్ అసిస్టెంట్లు 2,629 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. తెలంగాణలో ఒక వైపు మొగ్గిన తక్కెడ ఆంధ్రలో రెండో వైపు మొగ్గింది. స్కూల్ అసిస్టెంట్ లెక్క మళ్లీ సబ్జెక్టుల వారీగా, జిల్లాల వారీగా చీలిపోతుంది కనుక, మన జిల్లాలో సోషల్‌కు ఎన్ని వచ్చాయో విడిగా చూడాలి. వచ్చే డీఎస్సీ కూడా ఇలాగే ఉంటుందన్న హామీ లేదు, వయోపరిమితి కూడా నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. అయినా గత నోటిఫికేషన్‌ను కాగితం మీద పెట్టుకుని చదివినవారికి, పక్కింటివారి మాట విని ఫీజు కట్టినవారికి చాలా తేడా ఉంటుంది.

బీఎడ్‌ను ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చేయవచ్చన్న మాట కూడా సగమే నిజం. దూరవిద్యలో బీఎడ్ ఉంది. అయితే అందులో చేరడానికి డీఈఎల్ఈడీ వంటి ఉపాధ్యాయ శిక్షణ ముందే పొంది ఉండాలి. శిక్షణ లేకుండా ప్రైవేటు బడిలో ఎన్నేళ్లు చెప్పినా అది ఆ అర్హత కిందికి రాదు. ఇక రెగ్యులర్ బీఎడ్‌కు 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి, ఇంటర్న్‌షిప్ ఒక్కటే మొత్తం ఇరవై వారాలు. దీనికి మనవాళ్లు కనిపెట్టిన అడ్డదారి ‘నాన్ అటెండింగ్’. ఎక్కువ ఫీజు కట్టి, కాలేజీ మొహం చూడకుండా, రికార్డులు ఎవరి చేతనో రాయించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. పాఠం చెప్పే విద్యను పాఠం వినకుండా సంపాదించిన మనిషి ముందు రేపు నలభై మంది పిల్లలు కూర్చుంటారు. వారి సంగతి ఎవరు ఆలోచించాలి?

బీఎడ్ తరువాత ఎక్కువగా వినిపించే పేరు ఎల్ఎల్‌బీ. డిగ్రీ ఉన్నవారు లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరవచ్చు కనుక రెవెన్యూ, బ్యాంకు, పోలీసు ఉద్యోగుల దృష్టి దాని మీద పడుతుంది. చేరేముందు వారు చదవాల్సినది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోని 49వ నియమం. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగిగా ఉన్నంతకాలం న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని అది చెబుతోంది. కాబట్టి ఉద్యోగం పగలు, కోర్టు సాయంత్రం అన్న ఊహ పనికిరాదు. ఉద్యోగం వదలడమా, పదవీ విరమణ దాకా ఆగడమా అన్నది ముందే తేలాలి. ఆగేవారికి దారి మూసుకుపోలేదు. నలభై ఐదేళ్లు దాటినవారిని న్యాయవాదులుగా నమోదు చేయకూడదన్న పాత నియమాన్ని సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది. జడ్జి కావాలన్న కోరికతో చేరేవారు మాత్రం, సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తుంచుకోవాలి. మూడేళ్ల చదువు, మూడేళ్ల ప్రాక్టీసు, నోటిఫికేషన్‌లోని వయోపరిమితి, ఈ మూడూ కలిపి కూడితే తమ వయసుకు సరిపోతుందో లేదో ఎవరికి వారికే తెలుస్తుంది.

సైకాలజీ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఇంట్లోనో తమలోనో మనోవేదన దగ్గరగా చూసినవారు, ఇతరులకు సాయపడాలన్న మంచి మనసుతో ఈ వైపు వస్తుంటారు. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసి కౌన్సెలింగ్ మొదలుపెట్టాలన్నది వారి ఆలోచన. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. సైకాలజీ, న్యూట్రిషన్ వంటివి అందులో ఉన్నాయి. అంతకుముందు కూడా ఎంఏ ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్టు అయ్యేవారు కాదు. ఆ పేరుతో పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ పొంది, ఆ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఈ తేడా తెలియక మూడు నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకున్నవారి దగ్గరకు, మందులు అవసరమైన మనిషి వెళితే జరిగే నష్టం చదువు ఖర్చుతో పోయేది కాదు.

లైసెన్సు, నోటిఫికేషన్ వంటి గుమ్మాలు లేని రంగాలు కూడా చాలా ఉన్నాయి. అక్కడ సర్టిఫికెట్‌కన్నా పాత అనుభవం ఎక్కువ మాట్లాడుతుంది. విశాఖ దగ్గరి పరవాడ వంటి చోట్ల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు మా కేంద్రానికి వస్తుంటారు. వారిలో ఒకాయన బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పధ్నాలుగేళ్లుగా నాణ్యతా పరీక్షల విభాగంలో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు పనిచేస్తున్నారు. అందరూ డేటా సైన్స్ అంటున్నారు కనుక ఉద్యోగం మానేసి అదే నేర్చుకుంటానని వచ్చారు. మాటల్లో పెట్టి ఆయన రోజు ఎలా గడుస్తుందో అడిగాను. ఒక బ్యాచ్ పరీక్షలో తప్పితే, పొరపాటు నమూనా తీయడంలో జరిగిందా, ద్రావణం కలపడంలో జరిగిందా, యంత్రంలో ఉందా, మందులోనే ఉందా అని ఎలా వెతుకుతారో అరగంట సేపు చెప్పారు. రిజిస్టరులో కొట్టివేత పడితే పక్కన సంతకం, తేదీ ఎలా ఉండాలో, విదేశీ తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఏ కాగితం ముందు అడుగుతాడో చెప్పారు. ఆ అరగంటలో చెప్పినది ఏ కోచింగ్ సెంటరూ అమ్మలేదు.

ఆయన కొత్తగా కోడింగ్ నేర్చుకుని ఇంటర్వ్యూకు వెళితే, ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన, వాళ్ల జీతానికి, మొదటి మెట్టు మీద నిలబడాలి. అదే అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీనో, మందుల అనుమతులకు సంబంధించిన డ్రగ్ రెగ్యులేటరీ అఫైర్స్‌లో డిప్లొమానో ఎంచుకుంటే ఆ పధ్నాలుగేళ్లూ వెంట వస్తాయి. డేటా మీద నిజంగా ఆసక్తి ఉంటే గణాంకశాస్త్రం, పైథాన్ నేర్చుకుని తన ల్యాబులోని అంకెల మీదే మొదట ప్రయోగించవచ్చు. పక్క మెట్టుకు వెళ్లే చదువు, కింది మెట్టు నుంచి మళ్లీ ఎక్కించే చదువు అని నేను వీటిని విడదీసి చూస్తాను. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక పని చేయమని చెబుతుంటాను. తమకన్నా ఒక మెట్టు పైనున్న ఉద్యోగానికి వచ్చిన ప్రకటనలు ఐదారు సేకరించి, అందులో అర్హత వాక్యాన్ని ఒక రంగుతో, అనుభవం వాక్యాన్ని మరో రంగుతో గీత గీయాలి. తమకు లేనిది అర్హత వాక్యంలోనే ఉంటే చదువు అక్కరకొస్తుంది. అనుభవం వాక్యంలో ఉంటే, డిగ్రీ మీద డిగ్రీ చేసినా ఆ లోటు పూడదు. అప్పుడు కోర్సుకన్నా కంపెనీ మారడమో విభాగం మారడమో మంచిది. ఈ సలహాకు ఒక మినహాయింపు ఉంది. రాత్రి షిఫ్టులు, రసాయనాల వాసన, అమ్మకాల టార్గెట్లు మనిషిని లోపల తినేస్తున్నప్పుడు పక్క మెట్టు కూడా ఆ భవనంలోదే అవుతుంది. అలాంటివారు కింది మెట్టు నుంచైనా వేరే చోట మొదలుపెట్టడమే న్యాయం. అయితే ఆ నిర్ణయానికి అయ్యే ఖర్చు ఎంతో తెలిసి తీసుకోవాలి.

ఏం చదవాలో తేలాక, దాన్ని ఎలా చదవడానికి చట్టం ఒప్పుకుంటుందో చూడాలి. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటి డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. దూరవిద్యలో బీటెక్ చేసినవారి పట్టాల మీద 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఉద్యోగాల్లో ఉన్న ఎంతోమందిని మళ్లీ పరీక్షలు రాసే స్థితికి తెచ్చింది. డిప్లొమాతో ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవారికి ఇప్పుడు సక్రమమైన దారి ఒకటి ఉంది. పనిచేసేవారి కోసం వీలైన వేళల్లో తరగతులు నడిపే బీటెక్‌కు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2023-24 నుంచి ఎంపికచేసిన కాలేజీలకు అనుమతి ఇస్తోంది. మిగతా కోర్సుల్లో, గుర్తింపు పొందిన సంస్థ దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఆ గుర్తింపు విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకసారి ఇచ్చేది కాదు, ప్రోగ్రాము వారీగా, ప్రవేశాల సెషన్ వారీగా ఇచ్చేది. కనుక బ్రోచరును పక్కన పెట్టి, యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో ఆ ఏడాదికి ఆ కోర్సు పేరు ఉందో లేదో చూసుకోవాలి. 2024 నుంచి ప్రవేశానికి ముందు విద్యార్థి అదే వెబ్‌సైటులో డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. అది అక్కర్లేదని ఎవరైనా చెబితే, అక్కడి నుంచి లేచి వచ్చేయడం మేలు.

గంటల లెక్క ఇంకా మిగిలే ఉంది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. ఎనభై క్రెడిట్ల పీజీకి 2,400 గంటలు కావాలి. రెండేళ్లలో ముగించాలంటే వారానికి 23 గంటలు తీయాలి, నాలుగేళ్లకు పరిస్తే పదకొండున్నర గంటలు చాలు. రెండేళ్ల పీజీకి ఇగ్నో గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు ఇస్తుంది, దాన్ని వాడుకోవడం చిన్నతనం కాదు. ఆడవాళ్ల విషయంలో ఈ గంటలు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఇంట్లో ముందే తేలాల్సిన సంగతి. పొద్దున ఐదింటికి లేచి క్యారేజీలు కట్టే మనిషి, పొయ్యి పని ఇంకొకరు పంచుకోకపోతే, నిద్రలోంచి ఆ గంటలు తీస్తుంది. రెండో సెమిస్టరుకే అలసిపోతుంది. తరగతికి రావడం మానేసినవారి ఇళ్లకు ఫోన్ చేసినప్పుడు సబ్జెక్టు కష్టమైందన్న మాట నేను అరుదుగా విన్నాను, వంట ఎవరు చేస్తారన్న మాట తరచుగా విన్నాను. డబ్బు విషయంలో ఒక్క మాట. విద్యారుణం తీసుకుంటే ఆ వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది, అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. ఉద్యోగం మానేసి చదివేవారికి ఫీజుకన్నా ఆ రెండేళ్లు రాని జీతమే పెద్ద ఖర్చు, లెక్కలో మొదటి గీత అదే కావాలి.

ఇంత లెక్క వేశాక కూడా, ఆ సబ్జెక్టు మనకు పడుతుందో లేదో చదివితేగానీ తెలియదు. ఇందుకు ఇప్పుడు ఖర్చు లేని మార్గం ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ స్వయం వేదిక మీది కోర్సులు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలన్నప్పుడే రుసుము. ఎనిమిది వారాల కోర్సు ఒకటి పూర్తిగా చేసి, వారం వారం అసైన్‌మెంట్లు పెట్టగలిగితే ఆ రంగంలో అడుగు వేయవచ్చు. మూడో వారానికే వీడియోలు పేరుకుపోతే అది కూడా ఒక సమాధానమే. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ కోర్సును వయసుతో, జేఈఈతో నిమిత్తం లేకుండా నడుపుతోంది. అందులో ఫౌండేషన్ దశ దగ్గర ఆగినా సర్టిఫికెట్ వస్తుంది కనుక, నాలుగేళ్లకు మాట ఇవ్వకుండా కొంతదూరం నడిచి చూడటానికి వీలుంది. హెచ్‌పీఎల్‌సీ ఆయన చేత మొదట ఇలాంటి ఒక గణాంకశాస్త్రపు కోర్సు చేయించాను. ఎనిమిది వారాలూ చేశారు. ఆ తరువాత ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీలో చేరారు, ఉద్యోగం మానలేదు.

ఫోల్డరు తెచ్చినావిడ మూడు వారాల తరువాత మళ్లీ వచ్చారు. ఈసారి ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఎడమ పేజీలో డీఈఎల్ఈడీ, కుడి పేజీలో బీఎడ్ అని రాసి, కింద తమ జిల్లాకు గత డీఎస్సీలో వచ్చిన ఎస్జీటీ పోస్టులు, సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, రెండేళ్ల ఫీజు, రెండేళ్లు రాని జీతం, తన వయసు వేసుకున్నారు. కుడి పేజీలో చివర పెన్సిలుతో, “ఎనిమిదో తరగతికి చెప్పగలనా?” అని ఉంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదని, వాళ్ల బడిలోనే ఒక నెల ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పి చూడమని అన్నాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. ఆ నెల గడిచాక బీఎడ్ ప్రవేశ పరీక్ష అయిన ఎడ్‌సెట్‌కు దరఖాస్తు పెట్టారు. ఇప్పుడు రెగ్యులర్ బీఎడ్ మొదటి ఏడాది చదువుతున్నారు. రోజూ కాలేజీకి వెళుతున్నారు. బడి ఉద్యోగం మానేశారు, ఇంట్లో పొద్దుటి వంట వాళ్లాయన చేస్తున్నారు.